గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కు 150 డాలర్లు దేనికి?

అమెరికాలో పిల్లలు హైస్కూల్లో చేరే ముందు, వేసవి సెలవులు ముగిసే రోజుల్లో, బడి నుంచి ఇంటికి ఒక జాబితా వస్తుంది. నోటు పుస్తకాలు, ఫోల్డర్లు, పెన్సిళ్ల వరుసలో ఒకచోట గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అని ఉంటుంది. చాలా బళ్లు అక్కడితో ఆగవు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ వారి టీఐ-84 ప్లస్ సీఈ అని మోడల్ పేరు కూడా రాసేస్తాయి. జాబితాలోని మిగతా సామాను ఒక ఎత్తు, ఆ ఒక్క వస్తువు ఖరీదు ఒక ఎత్తు. దుకాణాన్ని బట్టి, అమ్మకాల సీజన్‌ను బట్టి 120 నుంచి 150 డాలర్లు పలుకుతుంది, అంటే మన డబ్బులో పదివేల నుంచి పదమూడు వేల రూపాయలు. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా తెలుగు ఇళ్లలో ఈ కొనుగోలు మీద చర్చ జరగడం అరుదు. చదువు ఖర్చు అనగానే లెక్క చూడకుండా పెట్టేయడం మనకు అలవాటు. ఆ అలవాటు వెనకున్న ప్రేమను నేను తప్పుపట్టను. కానీ బడి జాబితాలో ఆ మోడల్ పేరు చేరడానికి ఒకప్పుడున్న కారణాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. బడి అడగాల్సింది కాలిక్యులేటర్ ఏ పనులు చేయాలన్నది. ఏ కంపెనీది, ఎంత ఖరీదుదన్నది ఇంటివాళ్ల ఇష్టానికి వదిలేయాలి. ఆ పనులు చేసే చౌక పరికరం కొన్నంత మాత్రాన పిల్లల లెక్కలకు ఏ లోటూ రాదు.

మన దగ్గర ఎంపీసీ చదివినవారికి ఈ వస్తువు కొత్త. ఇంటర్ బోర్డు పరీక్షల్లో, ఒకప్పటి ఎంసెట్ అయిన ఈఏపీసెట్‌లో, జేఈఈలో కాలిక్యులేటర్‌కు చోటు లేదు. లాగరిథమ్ పట్టికలు తిరగేసి, గ్రాఫు కాగితం మీద బిందువులు గుర్తించి, వాటిని చేత్తో కలిపి పరావలయం గీసిన తరాలు మనవి. ఇంజినీరింగ్‌లో చేరాక కొనుక్కునే క్యాసియో ఎఫ్ఎక్స్-991 లాంటివి త్రికోణమితి విలువలు, ఘాతాలు, మాత్రికలు చెబుతాయి కానీ బొమ్మ గీయవు. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఆ బొమ్మ గీస్తుంది. ప్రమేయాన్ని టైపు చేస్తే వక్రాన్ని తెర మీద చూపిస్తుంది, అది ఎక్స్ అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో చెబుతుంది, రెండు వక్రాలు ఎక్కడ కలుసుకుంటాయో వెతికి పెడుతుంది. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువుకు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షను నడిపే కాలేజ్ బోర్డు ఈ పరికరం నుంచి ఆశించేవి నాలుగే పనులు: కోరిన హద్దుల మధ్య గ్రాఫు గీయడం, మూలాలు కనుక్కోవడం, ఒక బిందువు దగ్గర అవకలజం విలువను సంఖ్యగా చెప్పడం, నిశ్చిత సమాకలని విలువను సంఖ్యగా లెక్కించడం. అమెరికా హైస్కూల్ గణితంలో అన్నిటికన్నా కష్టమైన కోర్సుకే ఇంతకు మించి అక్కర్లేదు. ఈ నాలుగూ చేయడానికి 150 డాలర్లు కావాలా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ధర ఎలా స్థిరపడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను మొదట మార్కెట్లోకి తెచ్చింది జపాన్ కంపెనీ క్యాసియో. 1985లో ఎఫ్ఎక్స్-7000జీ పేరుతో వచ్చిందది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మొదటి మోడల్ టీఐ-81ను 1990లో గానీ తేలేకపోయింది. ఐదేళ్లు ఆలస్యమైనా అమెరికా బళ్లలో అదే గెలిచింది, ఎందుకంటే ఆ కంపెనీ దుకాణాల కంటే ముందు తరగతి గదులను పట్టించుకుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో గణిత ఆచార్యులైన ఫ్రాంక్ డెమానా, బర్ట్ వెయిట్స్ బీజగణితాన్ని గ్రాఫుల ద్వారా బోధించాలని గట్టిగా నమ్మినవారు. వేసవుల్లో ఉపాధ్యాయులను కూర్చోబెట్టి వాళ్లు మొదలుపెట్టిన శిక్షణ, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అండతో దేశమంతా పాకింది. ఆ శిక్షణ పొందిన టీచర్లు తమకు తెలిసిన మీటలనే పిల్లలకు నేర్పారు. 1995లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్షకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది టీఐ-83, 2004లో టీఐ-84 ప్లస్ వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో ఏ మీట తరువాత ఏ మీట నొక్కాలో ఆ తెరల బొమ్మలతోనే అచ్చయింది. మొదట్లో ఇది మంచి బోధన కోసం జరిగిన పనే. వక్రాన్ని కళ్లతో చూస్తూ సమీకరణం నేర్చుకునే వీలు పిల్లలకు కలిగింది. ఆ ఆచార్యుల కృషిని తక్కువ చేయడం అన్యాయం. అయితే అదే దారిలో ఒక కంపెనీ మీటల వరుస గణిత పాఠంలో భాగమైపోయింది.

ఆ తరువాత పోటీ ఎలా ఉంటుందో ఊహించవచ్చు. మందు రాసేది డాక్టరు, మింగేది రోగి, డబ్బు కట్టేది ఇంటిపెద్ద అయినచోట మందు ధర తగ్గమన్నా తగ్గదు. మోడల్ ఎంచుకునేది టీచరు, వాడేది విద్యార్థి, కొనేది తల్లిదండ్రులు అయినచోటా అంతే. టీఐ-84 ప్లస్ లోపలున్న జెడ్80 ప్రాసెసర్ 1976 నాటి రూపకల్పన. దాని తెర మీద అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలే ఉంటాయి. విద్యార్థి వాడుకోగల ర్యామ్ 24 కిలోబైట్లు. 2004లోనే ఇది పాత సరుకు, ఈ రోజున సంగతి చెప్పనక్కర్లేదు. ఈ కాలమంతా కంప్యూటర్లు, ఫోన్లు, టీవీల ధరలు పడిపోతూ వచ్చాయి, వాటి సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగింది. ఈ కాలిక్యులేటర్ మాత్రం వంద డాలర్ల చుట్టుపక్కలే ఉండిపోయింది. 2015లో రంగుల తెరతో, ఛార్జింగ్ బ్యాటరీతో ప్లస్ సీఈ వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది, కొంచెం చురుగ్గా పనిచేస్తుంది. హైస్కూల్ లెక్కల వరకు అది కొత్తగా చేసేది స్వల్పం. గట్టితనం విషయంలో ఈ పరికరాలకు మంచి పేరుంది, ఆ మాట ఒప్పుకుని తీరాలి. సంచిలో పడి నాలుగేళ్లు నలిగినా పనిచేస్తాయి, చేతులు మారినా పనిచేస్తాయి. చౌకగా కొనాలనుకునేవారికి ఆ మన్నిక ఎలా పనికొస్తుందో కాస్త ఆగి చెబుతాను.

బడి జాబితాలు ఇంకా లెక్కలోకి తీసుకోని మార్పు ఒకటుంది. అది పరీక్షల్లోనే వచ్చింది. 2011లో మొదలైన డెస్మాస్ అనే ఉచిత గ్రాఫింగ్ కాలిక్యులేటర్ మొదట బ్రౌజర్‌లో, తరువాత ఫోన్లలో దొరకడం మొదలైంది. కాలిఫోర్నియా సహా పలు రాష్ట్రాలు వాడే స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్షలు దాన్ని తెర మీదకు తెచ్చాయి. టెక్సస్ రాష్ట్ర పరీక్ష స్టార్ కంప్యూటర్ మీదకు మారాక అందులోకీ వచ్చింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ రాష్ట్రంలోని డాలస్‌లోనే. ఆపైన అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష 2024 మార్చి నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదకు వెళ్లింది. గణితం విభాగం మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా డెస్మాస్ తెర మీదే ఉంటుంది. అలాంటిదే మరో పరీక్ష ఏసీటీని కంప్యూటర్ మీద రాసేవారికీ అది అందుబాటులోకి వచ్చింది. 2025 మే నుంచి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్, ప్రీకాలిక్యులస్, స్టాటిస్టిక్స్ పరీక్షల్లో కూడా, కాలిక్యులేటర్ అనుమతించే భాగాల్లో, విద్యార్థి తన సొంత పరికరం బదులు తెర మీది డెస్మాస్‌నే వాడుకోవచ్చు. ముప్పై ఏళ్ల కిందట ఈ కాలిక్యులేటర్‌ను తప్పనిసరి చేసిన పరీక్షే ఇప్పుడు దాన్ని ఉచితంగా విద్యార్థి ముందు పెడుతోంది. పరీక్ష కోసమైనా కొనక తప్పదన్న వాదనకు ఇక బలం లేదు.

ఉచితంగా వచ్చింది కాబట్టి నాసిరకం అనుకోవద్దు. ఒక వర్గ సమీకరణం, ఒక సరళరేఖ ఎక్కడ ఖండించుకుంటాయో కనుక్కోవాలి అనుకుందాం. టీఐ-84లో రెండు సమీకరణాలనూ ఎక్కించి, గ్రాఫు గీయించి, సెకండ్ మీట, ట్రేస్ మీట నొక్కి, వచ్చిన పట్టికలో ఐదో అంశమైన ఇంటర్‌సెక్ట్ ఎంచుకోవాలి. మొదటి వక్రం ఇదేనా, రెండో వక్రం ఇదేనా, జవాబు ఇక్కడెక్కడో ఉందా అని అది మూడుసార్లు అడుగుతుంది, మూడుసార్లు ఎంటర్ కొట్టాలి. రెండో ఖండన బిందువు కావాలంటే ఇదంతా మళ్లీ చేయాలి. తెర హద్దుల బయట ఉన్న బిందువు కోసం ముందు హద్దులు మార్చుకోవాలి. డెస్మాస్‌లో రెండు సమీకరణాలు టైపు చేస్తే చాలు, ఖండన బిందువులు బూడిద రంగు చుక్కలుగా కనిపిస్తాయి. తాకితే విలువలు చెబుతాయి. వేలితో గ్రాఫును జరపవచ్చు, దగ్గరకు లాక్కోవచ్చు. సమయం నిమిషాల్లో కొలిచే పరీక్షలో ఈ తేడా చిన్నది కాదు. మూడేళ్లు టీఐ మీటలకే అలవాటుపడి, శాట్ రోజున తెర మీది సాధనాన్ని మొదటిసారి తెరిచే విద్యార్థి తన చేతిలో ఉన్న మంచి అవకాశాన్ని వదులుకుంటున్నాడు. అందుకే ఏ పరికరం కొన్నా, కొనకపోయినా, డెస్మాస్ సాధన తొమ్మిదో తరగతి నుంచే మొదలవ్వాలి. దానికి పైసా ఖర్చు లేదు.

అయితే అసలేమీ కొనకూడదా అంటే, అలా అనలేను. తరగతిలో పెట్టే చిన్న పరీక్షలు, యూనిట్ టెస్టులు ఎక్కువగా కాగితం మీదే జరుగుతాయి. ఫోన్లు లోపల పెట్టమంటారు. బడి ఇచ్చే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ మూయమంటారు. అక్కడ చేతిలో ఒక పరికరం ఉండాలి. ఆల్జీబ్రా వన్, జామెట్రీ స్థాయిలో పదిహేను, ఇరవై డాలర్లకు దొరికే సైంటిఫిక్ కాలిక్యులేటర్ తరచూ సరిపోతుంది. గ్రాఫు కావలసిన రోజున తరగతిలో క్రోమ్‌బుక్ ఉంటుంది. అమ్మో నాన్నో ఇంజినీరింగ్ రోజుల్లో వాడిన ఎఫ్ఎక్స్-991 ఇంకా బీరువాలో ఉంటే శాట్‌కు కూడా దాన్ని తీసుకువెళ్లవచ్చు. ఆల్జీబ్రా టూ, ప్రీకాలిక్యులస్ దగ్గర గ్రాఫింగ్ పరికరం అవసరం మొదలవుతుంది. అక్కడ నేను మొదట చెప్పేది క్యాసియో ఎఫ్ఎక్స్-9750జీ త్రీ. యాభై, అరవై డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. తెర నలుపు తెలుపు, నాలుగు సన్న పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. కాలేజ్ బోర్డు కోరే నాలుగు పనులూ చేస్తుంది, స్టాటిస్టిక్స్ పరీక్షలకు కావలసిన లెక్కలన్నీ అందులో ఉన్నాయి, పైథాన్ ప్రోగ్రాములు కూడా రాసుకోవచ్చు. మెనూలో బొమ్మలుంటాయి కాబట్టి కొత్తవారికి దారి తెలుస్తుంది. ఇంకొంచెం పెట్టగలిగితే ఫ్రాన్స్ కంపెనీ నమ్‌వర్క్స్ వారిది వంద డాలర్ల దరిదాపుల్లో వస్తుంది. తెర, మెనూ రెండూ చక్కగా ఉంటాయి. దాని నకలు బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతుంది గనుక కొనే ముందే పిల్లలతో వాడించి చూడవచ్చు.

టీచరు టీఐ తప్ప ఒప్పుకోనంటే అప్పుడు మార్గం పాతది కొనడం. ఇందాక చెప్పిన మన్నిక ఇక్కడ అక్కరకొస్తుంది. ఏటా మే, జూన్ నెలల్లో లక్షల మంది పన్నెండో తరగతి ముగించి బయటపడతారు. వాళ్లలో చాలామందికి ఆ కాలిక్యులేటర్‌తో మళ్లీ పని ఉండదు. చాలా యూనివర్సిటీల కాలిక్యులస్ పరీక్షల్లో గ్రాఫింగ్ పరికరాలను రానివ్వరు. అందువల్ల పాత టీఐ-84 ప్లస్ కొత్తదాని ధరలో సగానికో అంతకన్నా తక్కువకో దొరుకుతుంది. నలుపు తెలుపు తెర అని వెనకాడనక్కర్లేదు, తరగతిలో నేర్పే మీటల వరుస రెండింటిలోనూ దాదాపు ఒకటే. కొనేముందు కొన్ని చూసుకోవాలి. తెరలో ఎక్కడైనా ఒక గీత మేర చుక్కలు వెలగడం మానేశాయా, ప్రతి మీటా పలుకుతోందా, బ్యాటరీల గదిలో లీకై పచ్చగా పట్టిన మరకలు ఉన్నాయా. పసుపు రంగు చట్రంతో ఉన్నది అమ్మకానికి కనిపిస్తే దూరంగా ఉండండి. బడి ఆస్తి అని గుర్తుపట్టడానికి ఆ రంగులో ప్రత్యేకంగా బళ్ల కోసమే తయారుచేస్తారు, అది ఏదో ఒక తరగతి గదిలో ఉండవలసింది.

చౌకగా కొనమన్నాను కదా, ఖరీదైనది కొని చిక్కుల్లో పడే ప్రమాదం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఎలాగూ కొంటున్నాం, పై మోడలే కొందాం అని టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ టూ క్యాస్ లాంటివి తెస్తారు. క్యాస్ అంటే అక్షరాలతో బీజగణితం చేసే సామర్థ్యం. సమాసాలను కారణాంకాలుగా విడగొడుతుంది, అవకలజాన్ని సూత్రంగానే రాసిస్తుంది. నేర్పవలసిన పని మొత్తం యంత్రమే చేసేస్తోందని కొన్ని పెద్ద పరీక్షలవాళ్లు దాన్ని రానివ్వడం మానేశారు. ఏసీటీలో టీఐ-89, ఎన్‌స్పైర్ క్యాస్, హెచ్‌పీ ప్రైమ్‌లకు ఎప్పటినుంచో ప్రవేశం లేదు. శాట్ కూడా 2025 ఆగస్టు నుంచి క్యాస్ ఉన్న కాలిక్యులేటర్లను నిషేధించింది. అంతర్జాతీయ బోర్డు ఐబీ వారి డిప్లొమా పరీక్షల్లోనూ వాటికి అనుమతి లేదు. తల్లిదండ్రులు ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది పరీక్ష గది గుమ్మం దగ్గరే ఆగిపోవడం కంటే బాధాకరం ఏముంటుంది? ఈ వస్తువు విషయంలో ధర పెరిగిన కొద్దీ ఉపయోగం పెరగదు, ఒక హద్దు దాటాక తగ్గుతుంది కూడా.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది టీచరు వైపునుంచి వస్తుంది. ముప్పై మంది పిల్లలున్న తరగతిలో అందరి చేతుల్లో ఒకే పరికరం ఉంటేనే పాఠం నడుస్తుంది, నలుగురి దగ్గర నాలుగు రకాలుంటే ఒక్కొక్కరికి మీటలు చూపించడంతోనే గంట గడిచిపోతుంది అంటారు. ఇందులో నిజముంది. ఉపాధ్యాయుల సమయం ఎంత విలువైనదో తెలియక చేసే వాదన కాదు నాది. కానీ పిల్లలు నిజంగా నేర్చుకోవలసిన మీటల వరుసలు ఎన్ని? గ్రాఫు గీయడం, హద్దులు మార్చడం, మూలం, గరిష్ఠ కనిష్ఠ విలువలు, ఖండన, విలువల పట్టిక, దత్తాంశానికి సరిపడే రేఖ కనుక్కోవడం, ఆపైన కాలిక్యులస్‌లో రెండు. పది కూడా కావు. క్యాసియోలో గ్రాఫుకు సంబంధించిన వెతుకులాట అంతా జీ-సాల్వ్ అనే ఒకే మెనూలో ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లలు కొత్త ఫోను ఎంత తొందరగా నేర్చుకుంటారో చూసినవారికి ఇది పెద్ద అడ్డంకిగా కనిపించదు. వేరే పరికరం కొన్న ఇంటివాళ్లు బడి తెరవకముందే ఈ పనులన్నీ పిల్లలతో చేయించాలి, ఆ బాధ్యత మాత్రం వాళ్లదే. టీచరు మీద వేయకూడదు. ఇంకో సంగతి. ఏ మీట నొక్కాలో కంఠతా పట్టిన విద్యార్థికీ, మూలం అంటే గ్రాఫు ఎక్స్ అక్షాన్ని తాకిన చోటు అని అర్థమైన విద్యార్థికీ తేడా ఉంది. రెండోవారికి పరికరం మారినా ఇబ్బంది రాదు.

రెండో అభ్యంతరం మన పెద్దవాళ్లది. కాలిక్యులేటర్ చేతికిస్తే బుర్ర మొద్దుబారుతుంది, ఎక్కాలు మరిచిపోతారు, మేం ఏ యంత్రం లేకుండానే ఇంజినీర్లం కాలేదా అని. ఎక్కాల విషయంలో వారి భయం సహేతుకమే. ప్రాథమిక తరగతుల్లో చేత్తో లెక్క చేయడానికి బదులు మరొకటి లేదు. హైస్కూల్ సంగతి వేరు. వర్గ సమీకరణంలోని ఏ, బీ, సీ విలువలు మార్చినప్పుడు పరావలయం ఎలా వెడల్పవుతుందో, ఎలా పక్కకు జరుగుతుందో గ్రాఫు కాగితం మీద పట్టుకోవాలంటే పది కాగితాలు, ఒక సాయంత్రం కావాలి. తెర మీద చూడటానికి అర నిమిషం. ఆ మిగిలిన సమయం ఎందుకు అలా జరిగింది అన్న ఆలోచనకు దక్కుతుంది. పైగా పరీక్షలు చేతి పనిని వదిలేయలేదు. ఇప్పటిదాకా నడుస్తున్న తీరులో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్‌లోని 45 బహుళైచ్ఛిక ప్రశ్నల్లో 30, రాతపూర్వకంగా సాధించవలసిన ఆరింటిలో నాలుగు కాలిక్యులేటర్ లేకుండానే చేయాలి. మూడింట రెండు వంతుల పరీక్ష పెన్సిల్ మీద, బుద్ధి మీద నడుస్తుంది. అంత పరిమితమైన పాత్ర ఉన్న వస్తువుకు అంత డబ్బు పోయడం ఎందుకన్న నా ప్రశ్నకు ఇది మరింత బలం.

ఏడాదికి లక్ష డాలర్లు సంపాదించే ఐటీ కుటుంబానికి నూట యాభై డాలర్లు ఒక లెక్కా, దీనికోసం వ్యాసమా అని కూడా అడగవచ్చు. అందరి ఇళ్లూ అలా లేవు. ఒక్కరి జీతంతో, ఉద్యోగ వీసా గడువు భయంతో నెట్టుకొస్తున్న ఇళ్లున్నాయి. గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో గంటల లెక్కన పనిచేసే తెలుగువారున్నారు. ఇద్దరు పిల్లలుంటే రెండు కొనాలి. ఇంతకన్నా నన్ను కదిలించేది తరగతిలో పక్క బల్ల మీది పిల్లల పరిస్థితి. జాబితాలో రాసిన వస్తువు కొనలేని అమ్మానాన్నలు టీచరును అడగడానికి సిగ్గుపడతారు. ఇంటిపనిలో గ్రాఫు లెక్కలు వచ్చిన రోజున ఆ విద్యార్థి ఖాళీ కాగితంతో వస్తాడు. లెక్కల్లో వెనకబడ్డాడని అతని మీద ముద్ర పడుతుంది. స్తోమత ఉన్నవాళ్లు ప్రశ్నించకుండా కొనేస్తున్నంత కాలం బడికి ఆ జాబితా మార్చాల్సిన అవసరం కనిపించదు. డబ్బున్న ఇంటివాళ్లు అడిగే ప్రశ్న డబ్బులేని ఇంటిపిల్లలకు కూడా ఉపయోగపడుతుంది, అందుకే వాళ్లే ముందు అడగాలి.

ఈ చర్చ తెలుగు రాష్ట్రాలకు పూర్తిగా పరాయిది కాదు. హైదరాబాద్‌లో ఐబీ డిప్లొమా చెప్పే బళ్లలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి, అక్కడా ఇదే ప్రశ్న, అక్కడి ధరలు ఇంకా ఎక్కువ. ఐబీ అనుమతించిన మోడళ్ల జాబితా చూసి, అందులో చౌకైనది కొనడమే అక్కడి తల్లిదండ్రులకు కూడా నేను చెప్పేది. తల్లిదండ్రుల ఉద్యోగం మారి ఎనిమిది, తొమ్మిది తరగతుల మధ్యలో అమెరికా వెళ్లే పిల్లల సంగతి ఇంకొకటి. సూత్రాల్లో వాళ్లు సాధారణంగా ముందుంటారు. కానీ మొదటి నెలలో కాలిక్యులేటర్ తెర మీది గ్రాఫు దగ్గర తడబడతారు. విమానం ఎక్కకముందు వేసవిలో రోజుకో అరగంట ఫోనులోనే డెస్మాస్ లేదా అలాంటిదే మరో ఉచిత సాధనం జియోజిబ్రా వాడితే ఆ తడబాటు ఉండదు. ఇంటర్ చదివే పిల్లలకు కూడా అదే చెబుతాను. పరీక్షలో యంత్రం లేకపోవచ్చు, ఇంటి దగ్గర ప్రమేయం గ్రాఫును కదిలించి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన జూనియర్ కాలేజీల్లో త్రికోణమితి ప్రమేయాల ఆవర్తనం అన్నది సూత్రంగానే కంఠస్థమవుతోంది, కంటికి కనిపించడం లేదు.

ఇక అమెరికా బళ్లు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. జాబితాలో మోడల్ పేరు తీసేసి, కావలసిన పనులు రాయాలి. ఏ కోర్సుకు సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలో, దేనికి గ్రాఫింగ్ పరికరం కావాలో విడివిడిగా చెప్పాలి. తరగతి పరీక్షల్లో కూడా, పెద్ద పరీక్షల్లో ఉన్నట్టే, ఇంటర్నెట్ తెరుచుకోకుండా తాళం వేసిన క్రోమ్‌బుక్ మీద డెస్మాస్ వాడనివ్వాలి. చాలా హైస్కూళ్ల దగ్గర కాలిక్యులేటర్ల సెట్లు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని పుస్తకాల్లాగే ఏడాదికి అరువిచ్చే ఏర్పాటు కొన్ని బళ్లలో ఉంది, అడిగిన వారికే ఆ సంగతి తెలుస్తుంది. కొనేముందు తల్లిదండ్రులు టీచరుకు ఒక ఈమెయిల్ పంపితే చాలు. ఈ పనులు చేసే వేరే మోడల్ తేవచ్చా, బడి అరువిస్తుందా, ఈ ఏడాది కోర్సులో గ్రాఫింగ్ పరికరం ఏ నెల నుంచి కావాలి? మూడో ప్రశ్నకు జవాబు చాలాసార్లు అక్టోబరు తరువాత అని వస్తుంది, ఈలోగా ఆగస్టు రద్దీ తగ్గి ధరలు చూసుకునే తీరిక దొరుకుతుంది. అమెరికాలోని తెలుగు సంఘాలు బళ్లలో పిల్లలకు స్కూలు బ్యాగులు పంచే మంచి పని చేస్తుంటాయి. మే నెలలో చదువు ముగించే పిల్లల దగ్గర పాత కాలిక్యులేటర్లు సేకరించి, బ్యాటరీలు మార్చి, మీటలు పరీక్షించి, ఆ బళ్ల లైబ్రరీలకే అప్పగించడం ఆ కార్యక్రమంలో సులువుగా కలిసిపోతుంది. ఒక్కో టీఐ-84 ఇంకో నలుగురైదుగురు పిల్లల హైస్కూల్ చదువు దాటించేంత గట్టిది.